మీకు తెలుసా? ప్రకటన మనలను వెదకి వచ్చు విధము

కడప వై.వి. వీధిలోని వస్త్రవర్తకుఁడు ఫేస్‌బుక్కులో ప్రకటన నిచ్చునపుడు, ఊరిచుట్టు ఇన్ని కిలోమీటర్లు, ఇంత వయస్సు, పెండ్లిచీరలయందు ఆసక్తి అని నిర్ణయించిన చాలును. మనము కొట్టిన లైకులనుండియు, ఇతర యాప్‌లు చేరవేసిన జాడలనుండియు మనలను గుర్తించి, ఆ సంస్థ మన పేరులు చెప్పకయే మన దృష్టిని విక్రయించును. పేరు దాఁచినంత మాత్రమున గోప్యత నిలిచినదనుట నాకు సమ్మతము కాదు.

కర్నూలు రాజధానిగా నున్న ఆంధ్రరాష్ట్రమునకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు, అనంతరము సుప్రీంకోర్టున నుండఁగా, 1962లో పోలీసు నిఘాను ప్రశ్నించిన ఖరక్‌సింగ్ వ్యాజ్యమున, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని భిన్నాభిప్రాయము వ్రాసిరి. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఆ వాదమునే స్వీకరించెను. ఇఁక ప్రకటనల విషయమునకు వచ్చిన, పదునెనిమిదేండ్లు నిండని వారి నడవడిని కనిపెట్టి వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుటను నిషేధించు నిబంధన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో నున్నది.