టేపులో దాగిన బొమ్మలు

పిల్లలూ, మీ తాతగారింట్లో పాత బీరువా అడుగు అర ఎప్పుడైనా వెతికారా? పుస్తకమంత నల్లని ప్లాస్టిక్ పెట్టె దొరకవచ్చు. దాని మీద "పెద్దమ్మాయి పెళ్ళి, 1991" అని రాసి వుండవచ్చు. అదే వీడియో క్యాసెట్టు. ఇప్పుడు లేని మీ ముత్తాతగారు అందులో నడుస్తారు, నవ్వుతారు, మాట్లాడతారు.

ఐతే ఆయనను చూడటం నానాటికీ కష్టమవుతున్నది. ఈ వి.హెచ్.ఎస్. క్యాసెట్లు 1976లో జపానులో పుట్టాయి. వాటిని ఆడించే యంత్రాలను చివరిదాకా తయారు చేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016లో ఆ పని మానేసింది. ఇక పాత యంత్రాలే దిక్కు. పైగా మన కృష్ణా డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తేమకు టేపు బూజు పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళలోకి నీరు వచ్చింది గదా! అటువంటప్పుడు ముందు మునిగేది అడుగు అరే.

అందుచేత ఆ బొమ్మలను కంప్యూటరులోకి ఎక్కించాలి. ఎలాగంటారా?

టేపు వెడల్పు అర అంగుళమే. మూడు గంటల టేపు విప్పితే 250 మీటర్లు దాటుతుంది. దాని మీద పూసిన అయస్కాంతపు పొడిలో బొమ్మలు దాగి వుంటాయి. యంత్రంలో చిన్న డ్రమ్ము సెకనుకు 25 చుట్లు తిరుగుతూ, చుట్టుకొక బొమ్మ చొప్పున చదువుతుంది. అప్పుడు తీగలో విద్యుత్తు హెచ్చుతూ తగ్గుతూ ప్రవహిస్తుంది.

ప్రకాశం బ్యారేజీ నుంచి పారే కాలవ నీరు కూడా అంతే, ఎక్కుతుంది, తీస్తుంది. లస్కరు కొలబద్ద చూసి నీటిమట్టం పుస్తకంలో వేసుకుంటే, ఆ అంకెలను బట్టి నీరు ఎట్లా పారిందీ తరవాత చెప్పవచ్చు. టేపుకూ, కంప్యూటరుకూ మధ్య పెట్టే క్యాప్చర్ పెట్టె ఇటువంటి లస్కరే. కాని ఈ లస్కరు సెకనుకు ఒక కోటి 35 లక్షల సార్లు మట్టం కొలుస్తాడు! టేపు నుంచి టేపుకు ఎక్కిస్తే ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది. అంకెలను ఎన్నిసార్లు ఎత్తి రాసినా మారవు.

ఇక పని మొదలుపెడదాం. పెద్దవాళ్ళను తోడు తీసుకోండి. క్యాసెట్టు కిటికీలోంచి చూడండి. తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టవద్దు. యంత్రం పాడై, తరవాతి టేపుకూ బూజు అంటుతుంది. దాన్ని పని తెలిసినవారికి ఇవ్వండి. బాగున్న క్యాసెట్టుకు వెనుక అంచున వుండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే, పొరపాటున కూడా దాని మీద మరొకటి రికార్డు కాదు. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కు చుట్టండి. ముందు ఏదైనా పాత సినిమా క్యాసెట్టుతో సాధన చెయ్యండి. పెళ్ళి టేపు మీద ప్రయోగాలు వద్దు!

పసుపుపచ్చ తీగ బొమ్మకు, తెలుపూ ఎరుపూ ధ్వనికి. కంప్యూటరులో "పాల్" పద్ధతి ఎంచుకోండి. మన దేశపు టేపులు అవే. అమెరికా నుంచి బంధువులు పంపిన టేపైతే అది "ఎన్.టి.ఎస్.సి.", దాన్ని ఆడించగల యంత్రం కావాలి. బొమ్మ పైభాగం వంకరపోతూ వుంటే కంగారుపడకండి. సాగిన టేపు గీతలను సమయానికి అందించదు. "టైం బేస్ కరెక్టర్" అనే పరికరం వాటిని వరసలో నిలబెడుతుంది.

డి.వి. పద్ధతిలో దాచితే గంటకు సుమారు 13 గిగాబైట్ల చోటు పడుతుంది. ఆ అసలు ఫైలును అలాగే వుంచి, ఫోనులో చూడటానికి చిన్న ప్రతి వేరే చేసుకోండి. ఇంట్లో రెండు ప్రతులు, పొరుగూళ్ళో చుట్టాల దగ్గర ఒకటి వుంచండి. క్యాసెట్టు మాత్రం పారెయ్యకండి.

ఇందులో తొందర పనికిరాదు. మూడు గంటల టేపు ఎక్కటానికి మూడు గంటలూ పడుతుంది. ఆ సేపు మీ నాయనమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. పందిట్లో ఎవరెవరు వున్నారో అడిగి, పేర్లు రాసుకోండి. బొమ్మను యంత్రం దాచగలదు గాని, అందులోని మనిషి మనకు ఏమవుతాడో అది చెప్పలేదు!