మీ జుట్టుకు నప్పే ముదురు గోధుమ వన్నె

డబ్బా మీద అచ్చు వేసిన పేరు ఒకటి, తల మీద తేలే రంగు మరొకటి. ఈ రెండింటికీ గల దూరాన్ని ముందుగా తెలుసుకున్నవారికి అందమూ దక్కుతుంది, ఆరోగ్యమూ దక్కుతుంది.

గార్డెన్ రీచ్ కోల్‌కతా నగరానికి నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున ఉన్న పేట. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా చేరి, ఇక్కడి మటియాబుర్జ్‌లో నివాసమేర్పరచుకొని, 1887లో ఇక్కడే కన్నుమూశాడు. పూర్వపు బెంగాల్ నాగపూర్ రైల్వేకూ, 1955 నుంచి ఆగ్నేయ రైల్వేకూ ప్రధాన కార్యాలయం ఈ పేటలోనే ఉంది. వాల్తేరు డివిజన్ 2003 వరకు ఈ రైల్వేలో భాగంగా ఉండేది. అందువల్ల ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ కొత్త పేరు కాదు. ఊరివారి బెంగాలీ, నవాబు పరివారం తెచ్చిన ఉర్దూ, రేవు కూలీల హిందీ, రైల్వే ఉద్యోగుల తెలుగు ఇక్కడ ఒకే వీధిలో వినిపిస్తాయి.

ఇన్ని భాషలు కలిసే చోట తలకు రంగు కొనబోయినవారికి ఒక వింత ఎదురవుతుంది. డబ్బా మీద ఇంగ్లీషులో ‘డార్క్ బ్రౌన్’ అని ఉంటుంది. దానిని బెంగాలీవారు ‘ఖయేరీ’ అంటారు. తాంబూలంలో వేసుకునే కాచు పేరు నుంచి పుట్టిన మాట అది. హిందీ, ఉర్దూ మాట్లాడేవారు ‘కత్థయీ’ అంటారు; అదీ కాచే. కొంచెం లేత వన్నె అయితే ‘బాదామీ’, అంటే బాదం గింజ రంగు. తెలుగువారు మాత్రం ‘ముదురు గోధుమ’ అనుకుంటారు. కాచు ఎక్కడ, గోధుమ ఎక్కడ!

అనువాదం వృత్తిగా గలవారికి ఈ చిక్కు కొత్తది కాదు. ఆంగ్ల నవలలో నాయిక జుట్టు ‘చెస్ట్‌నట్’ అని ఉంటే, ఆ చెట్టునే ఎరుగని మన పాఠకునికి ఏమని చెప్పాలి? సంస్కృతంలో కపిలం, పింగళం, బభ్రువు అని మూడు మాటలున్నాయి గాని, అవి నిత్యవ్యవహారంలో లేవు. ‘గోధుమ రంగు జుట్టు’ అని రాస్తే చదువరి మనస్సులో మెదిలేది పండిన చేను. అది పాశ్చాత్యుల బంగారు జుట్టుకు సరిపోవచ్చు. మన తలకు సరిపోదు. పుస్తకంలో ఇటువంటి పొరపాటు ఒక వాక్యాన్ని చెడగొడుతుంది. దుకాణంలో అదే పొరపాటు జరిగితే, పెళ్ళి ఫొటోలలోనో పదవీ విరమణ సభలోనో నెల రోజులపాటు తల మీద మోయవలసి వస్తుంది.

పేరు కాదు, సంఖ్య

డబ్బా మీద పేరు పక్కన చాలా కంపెనీలు ఒక సంఖ్యను కూడా ముద్రిస్తాయి. కొనేవారు చాలామంది దానిని పట్టించుకోరు. నిజానికి ఆ డబ్బా మీద అన్నిటికంటె ఉపయోగకరమైన సమాచారం అదే.

మొదటి అంకె రంగు ఎంత ముదురో చెబుతుంది. 1 అంటే నలుపు. 10 అంటే మిక్కిలి లేత బంగారు వన్నె. సాధారణంగా 3 ముదురు గోధుమ, 4 మధ్యరకం, 5 లేత గోధుమ. చుక్క తరువాత వచ్చే అంకె ఆ రంగులోని ఛాయను సూచిస్తుంది. చాలా కంపెనీల లెక్కలో 0 ఏ వైపూ మొగ్గని సహజ వన్నె, 1 బూడిద ఛాయ, 3 బంగారు ఛాయ, 4 రాగి ఛాయ, 5 మహాగని కలప ఛాయ, 6 ఎరుపు. ఈ అంకెల అర్థం ఒక కంపెనీకీ మరొక కంపెనీకీ కొంత మారుతుంది కనుక, కొత్తది కొనేటప్పుడు దాని పట్టికను చూసుకోవాలి.

వీటిని మన కంటికి తెలిసిన వస్తువులతో పోల్చుకుంటే ఎంపిక సులభమవుతుంది. 3.0 చిక్కని కాఫీ డికాక్షన్ వంటిది. బూడిద ఛాయ గల ముదురు గోధుమ హుగ్లీ ఒడ్డున తడిసిన ఒండ్రుమట్టిని తలపిస్తుంది. బంగారు ఛాయ పాతబడి నల్లబారిన బెల్లం. మహాగని ఛాయ నిగనిగలాడే చింతగింజ. ‘మోకా’, ‘ఎస్‌ప్రెసో’ వంటి ఆకర్షణీయమైన పేర్లు చెప్పలేని సంగతిని చింతగింజ క్షణంలో చెబుతుంది.

దర్జీ చూసినట్టు చూడండి

మటియాబుర్జ్ నేడు దుస్తుల తయారీకి పేరుపడ్డ కేంద్రం. అనుభవజ్ఞుడైన దర్జీ దారాన్ని ఉండగా చూసి ఎంచుకోడు. ఒక పోగు విప్పి, గుడ్డ మీద పరచి, వెలుతురులో చూస్తాడు. ఉండలో ముదురుగా కనిపించిన దారం గుడ్డ మీద లేతగా తేలవచ్చునని అతనికి తెలుసు. జుట్టు రంగును ఎంచుకోవడానికీ ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

దుకాణంలో చూపే పట్టికలోని కుచ్చులకు సాధారణంగా లేత రంగు పోగుల మీద అద్దకం వేస్తారు. మీ జుట్టు లేతది కాదు. పైగా తెల్లని ట్యూబు లైటు కింద ముదురు గోధుమ నలుపులా కనిపిస్తుంది. పసుపుపచ్చని బల్బు కింద ఉన్నదానికంటె ఎర్రగా కనిపిస్తుంది. కాబట్టి ఆ కుచ్చును గుమ్మం దాకా తెచ్చి, పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట, మీ చెంప పక్కన పెట్టి చూడండి. ముఖం తేటగా కనిపిస్తే ఆ వన్నె మీకు నప్పినట్టు. చర్మం పాలిపోయినట్టు గాని, కళ్ళ కింద నీడలు పెరిగినట్టు గాని తోస్తే నప్పనట్టు.

శరీరచ్ఛాయ విషయంలో కొన్ని సాధారణ సూత్రాలున్నాయి. పసిమి కలిసిన చామనచాయవారికి సహజ వన్నె లేక కొద్దిపాటి బంగారు ఛాయ గల గోధుమ అందగిస్తుంది. గులాబీ జీర గల తెల్లని ఛాయవారికి బూడిద ఛాయ పొందికగా ఉంటుంది. నిండైన నల్లని ఛాయవారికి బూడిద ఛాయ వెలిసినట్టు కనిపించవచ్చు. వారికి 2 లేక 3 సంఖ్యల సహజ వన్నె గాని, మహాగని ఛాయ గాని నిండుదనాన్నిస్తుంది. అయితే ఇవి సూత్రాలే. తుది తీర్పు గుమ్మం దగ్గరి వెలుతురుదే.

ఇక్కడ మరొక మాట చెప్పుకోవాలి. నడివయస్సు దాటినవారు కోరుకునేది తరచుగా తమ ఇరవై ఏళ్ళనాటి నలుపు. కాని ఆ నలుపు పక్కన ఆనాడు ఉన్న ముఖం వేరు. నునుపు తగ్గిన ముఖం చుట్టూ గాఢమైన నలుపు పెడితే, అది చట్రంలా నిలిచి ప్రతి ముడుతనూ ఎత్తి చూపుతుంది. జ్ఞాపకంలోని నలుపు కంటె ఒకటి రెండు మెట్లు దిగి వచ్చి ముదురు గోధుమ వద్ద ఆగడం మంచిదని చెప్పడానికి కారణం ఇదే.

నెరుపు ఎంత? పాత రంగు ఉన్నదా?

ఒకే డబ్బాలోని రంగు ఇద్దరి తలల మీద రెండు విధాలుగా తేలుతుంది. సహజంగా నల్లని వెంట్రుకల మీద 3వ సంఖ్య రంగు దాదాపు కనిపించదు. తెల్లవెంట్రుకల మీద మాత్రం గోధుమ వన్నె స్పష్టంగా తేలుతుంది. నెరుపు స్వల్పంగా ఉన్నవారికి ఇది వరమే. నలుపులో అక్కడక్కడ గోధుమ జీరలు కలిసి సహజంగా ఉంటుంది. సగానికి మించి నెరిసినవారు రాగి, ఎరుపు ఛాయలను నేరుగా వేసుకుంటే అవి తెల్లవెంట్రుకల మీద మరీ ప్రకాశిస్తాయి. వారికి సహజ వన్నెయే క్షేమం.

ఏళ్ళ తరబడి నల్లరంగు వేసుకున్నవారు గోధుమకు మారదలిస్తే ఓర్పు అవసరం. కొత్త రంగు పాత రంగును తొలగించలేదు. కుదుళ్ళు గోధుమగా, కొసలు నల్లగా మిగులుతాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, కత్తిరించుకుంటూ క్రమంగా మారడమే మేలు. వేసిన మొదటి రెండు మూడు రోజులు రంగు కొంచెం ముదురుగా కనిపించడం కూడా సహజమే. తొందరపడి మళ్ళీ వేయనవసరం లేదు.

గోరింటాకు, నీలి

రసాయనాలు వద్దనుకునేవారికి ప్రకృతి రెండు ఆకులనిచ్చింది. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం వెంట్రుకకు నారింజ వన్నె కలిసిన ఎరుపునిస్తుంది. నీలి ఆకు నీలిమనిస్తుంది. ఈ రెండూ కలిస్తేనే గోధుమ. రెండు పొడులనూ సమపాళ్ళలో కలిపితే గోధుమ వన్నె వస్తుంది. నీలి పాలు పెరిగే కొద్దీ ముదురుతుంది. ముందు గోరింటాకు, కడిగిన తరువాత నీలి పెడితే నలుపుకు చేరువవుతుంది. గోరింటాకును కొన్ని గంటల ముందే నానబెట్టాలి. నీలిని మాత్రం వాడబోయే పది, పదిహేను నిమిషాల ముందే తడపాలి.

నీలితో వంగభూమికీ తెలుగునాడుకూ చేదు బంధుత్వముంది. 1859లో బెంగాలు రైతులు నీలిమందు దొరలపై తిరుగుబాటు చేశారు. మరుసటి ఏడే దీనబంధు మిత్ర ‘నీల్ దర్పణ్’ నాటకం వెలువడింది. ఆ శతాబ్దంలో మన కడప సీమ కూడా నీలి పంటకు ప్రసిద్ధి. 1897లో జర్మనీ కర్మాగారాల నుంచి కృత్రిమ నీలి విపణికి వచ్చాక ఈ సాగు క్షీణించింది.

పేరు మాటున ప్రమాదం

వాజిద్ అలీ షా కలకత్తా చేరిన 1856లోనే లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ యువకుడు తారు నుంచి లభించే అనిలిన్‌తో ఊదా రంగును తయారుచేశాడు. కృత్రిమ వర్ణాల యుగం దానితో ఆరంభమైంది. నేటి జుట్టు రంగులలో అధికభాగానికి ఆధారమైన పారాఫినిలిన్‌డయమిన్, సంక్షిప్తంగా పీపీడీ, ఆ వంశానికి చెందినదే. 1907లో ఫ్రాన్సులో యూజీన్ ష్వెల్లేర్ అటువంటి కేశవర్ణాన్ని రూపొందించి, 1909లో స్థాపించిన సంస్థే నేటి లోరియల్.

సూక్ష్మమైన పీపీడీ అణువులు వెంట్రుక లోనికి చొచ్చుకుపోయి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చర్య పొంది, బయటికి రాలేనంత పెద్ద వర్ణకణాలుగా మారతాయి. అందుకే ఆ రంగు స్నానానికి పోదు. కాని కొందరి శరీరానికి ఈ పదార్థం సరిపడదు. దురద, ఎర్రని దద్దుర్లు, కనురెప్పల వాపు, తీవ్రమైతే ముఖమంతా ఉబ్బడం జరుగుతుంది. ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా వాడినవారికి కూడా ఒకనాడు హఠాత్తుగా ఇది మొదలుకావచ్చు. ఒకసారి మొదలైతే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. రంగు ఎంత ముదురైతే అందులో ఈ పదార్థం అంత ఎక్కువగా ఉండటం పరిపాటి. గాఢమైన నలుపుకు బదులు గోధుమను ఎంచుకోవడానికి ఇది మరొక కారణం. అంతమాత్రాన గోధుమ రంగు పూర్తిగా నిరపాయమని కాదు.

పేర్లు చేసే మోసాలలో అన్నిటికంటె పెద్దది ఇక్కడే ఉంది. ‘కాలీ మెహెందీ’ అన్న పేరు చూసి అది ఆకుపొడి అని చాలామంది నమ్ముతారు. గోరింటాకు తానుగా నలుపునివ్వదు. అరగంటలో నల్లబరిచే ‘మెహెందీ’లో చాలావరకు పీపీడీ ఉంటుంది. కాబట్టి ముందువైపు పేరును విడిచి, వెనుకవైపు చిన్న అక్షరాలలోని పదార్థాల జాబితాను చదవండి.

మన దేశంలో జుట్టు రంగుల డబ్బాల మీద హెచ్చరిక ముద్రించాలనీ, ముందుగా చర్మంపై పరీక్షించే విధానాన్ని తెలపాలనీ చట్టం ఆదేశించింది. ఆ విధానం తేలికైనదే. చెవి వెనుక గాని, మోచేతి లోపలివైపు గాని కొద్దిమేర శుభ్రపరచి, వాడేందుకు సిద్ధం చేసిన రంగును ఒక చుక్క రాసి ఆరనివ్వాలి. 24 గంటలు ఆగి కడిగి చూడాలి. ప్రభావం ఆలస్యంగా కనిపించవచ్చు గనుక 48 గంటలు గమనించడం మరింత మంచిది. దురదగాని ఎరుపుగాని కనిపిస్తే ఆ రంగు మీకు పనికిరాదు. ఈ పరీక్ష మొదటిసారికే కాదు, ప్రతిసారీ చేయాలి.

కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు ఈ రంగులు ఎన్నడూ వేయరాదు. అమెరికాలో 1930 దశకంలో ‘లాష్ ల్యూర్’ అనే రెప్పల రంగు వాడి స్త్రీలు చూపు పోగొట్టుకున్నారు. ప్రాణనష్టం కూడా జరిగింది. 1938లో ఆ దేశం కఠినమైన సౌందర్యసాధన చట్టం తేవడానికి అటువంటి ఉదంతాలు దోహదం చేశాయి. పీపీడీ కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు. కండరాలు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. రాయలసీమ వైద్యులు ఇటువంటి కేసులను గురించి వైద్యపత్రికలలో పలుమార్లు రాశారు. అందువల్ల ఈ డబ్బాను పౌడరు పక్కన కాక, పిల్లలకు అందని చోట, విషపదార్థాన్ని భద్రపరచినట్టు ఉంచాలి. పొరపాటున ఎవరైనా మింగితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇక ఎంపిక మీది. మీ నెరుపు ఎంతో అంచనా వేయండి. సంఖ్యను చదవండి, అనుమానం ఉంటే ముదురుకు బదులు ఒక మెట్టు లేతదే తీసుకోండి, ఎందుకంటే లేతను ముదురు చేయడం సులభం, ముదురును లేత చేయడం కష్టం. పగటి వెలుతురులో చెంప పక్కన పెట్టి చూడండి. రెండు రోజులు ముందుగా చర్మంపై పరీక్షించండి. చర్మం ఒప్పుకోకపోతే రంగు మానివేయండి. శుభ్రంగా దువ్విన తెల్లజుట్టుకు ఉన్న హుందాతనం ఏ రంగుకూ తీసిపోదు. రంగు నప్పిన నాడు మాత్రం ఎదుటివారు ‘జుట్టుకు ఏ రంగు వేశారు?’ అని అడగరు, ‘ఆరోగ్యంగా కనిపిస్తున్నారే!’ అంటారు.