దూడకు తాపే ముర్రుపాలు బిడ్డకెందుకు పారబోస్తాం?

మా పొదిలి పక్క బర్రె ఈనిందంటే ముందు దూడకు ముర్రుపాలు తాపాల్సిందే. జున్ను ఆ తర్వాతే. అదే ఇంట్లో కోడలు కంటే మాత్రం 'అయ్యి పచ్చగుండాయి, పిండి పారెయ్' అనే పెద్దోళ్లు ఇంకా ఉండారు.

నేను చూసినంతలో పాలిచ్చే సంగతి తల్లి ఒక్కతే తేల్చుకునేది కాదు. అత్త మాట, అమ్మ మాట, తొలికాన్పు భయం, మూడూ కలిసి తేలుస్తాయి. మా బంధువులమ్మాయికి తొలికాన్పు ఆపరేషన్. రెండోరోజే 'పాలు పళ్లేదు' అని డబ్బాపాలు పట్టారు. రెండో కాన్పుకు ఆ పిల్ల ముందే డబ్బా కొనిపెట్టుకుంది.

అసలు సంగతేందంటే, పాలు బాగా పడేదానికి రెండు మూడు రోజులు పడుద్ది. ఆపరేషనయితే ఇంకాస్త ఆలస్యం కావొచ్చు. అందాకా మామూలుగా చుక్కల్లో వచ్చే ముర్రుపాలే బిడ్డకు చాలు. రోగాల్ని ఆపే బలం వాటిలోనే ఉంది. బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయి. డబ్బా పడితే చీకడం తగ్గుద్ది, పాలూ తగ్గుతాయి. 'చాలవు' అన్న మాట అట్టా నిజమైపోద్ది.

పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలని, 6 నెలలు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మన ఎండలకైనా విడిగా నీళ్లు అక్కర్లా, పాలల్లో ఎక్కువ భాగం నీళ్లే. వారం దాటిన బిడ్డ రోజుకు 6 సార్లన్నా ఉచ్చ పోస్తా, బరువు పెరుగుతుంటే పాలు చాలినట్టే. లేదంటే డాక్టరుకు చూపియ్యాల.

డబ్బాపాలకు ప్రచారం చెయ్యగూడదని 1992లోనే చట్టం తెచ్చారు. ఇంట్లో మాటలకు చట్టం లేదు. వాటికి మనమే అడ్డం చెప్పాల.