శాసనసూచికయందు మోడలు, వ్యూ, కంట్రోలరు: వీని పరస్పరసంబంధము

కడపజిల్లా కలమళ్లయందలి శాసనమును, ఎఱ్ఱగుడిపాటి శాసనమును దెలుఁగుభాషాచరిత్ర నరయువారికి మొదటి మెట్లు. కలమళ్ల శాసనము రేనాటిచోడుఁడగు ఎరికల్ముత్తురాజు ధనంజయుని నాఁటిది. దాని కాలము సామాన్యముగా క్రీ.శ. 575 ప్రాంతమని చెప్పుదురు. అయితే ఈ సంవత్సరము ఱాతిమీఁద లేదు. లిపిస్వరూపమును, వంశక్రమమును బరిశీలించి పండితులు నిర్ణయించినది. ఱాతిమీఁద నున్నది యొకటి, పండితుఁడు చదివినది వేఱొకటి, చదువరికిఁ జూపఁబడునది మఱియొకటి. అచ్చుపుస్తకమునం దీ మూఁడును నొకే పుటపై నిలుచును. కుండలీకరణములును, అధస్సూచికలును వానిని వేఱుపఱచును. అదే శాసనమును వెబ్బుమీఁదఁ బ్రకటింపఁబూనినపు డా వేఱుపాటు నెవరు కాపాడుదురు? ఎమ్.వీ.సీ. యను నిర్మాణపద్ధతిని శాసనపరిశోధకుఁడు తెలిసికొనవలసిన యక్కఱ యిచ్చటనే కలదు.

ఈ పద్ధతి శాసనములకొఱకుఁ బుట్టినది కాదు. నార్వేదేశీయుఁడగు ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1979లో జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున నతిథిగా నుండి, స్మాల్‌టాక్ అను ప్రోగ్రామింగుభాష నాశ్రయించి దీనిని రూపొందించెను. ఆ సంవత్సరము మే నెలలో వ్రాసిన మొదటి పత్రమున నాలుగు పేళ్లుండఁగా, డిసెంబరునాఁటికి మోడలు, వ్యూ, కంట్రోలరు అను మూఁడే నిలిచినవి. మనుష్యుని మనస్సునందలి విషయస్వరూపమునకును, యంత్రమునందలి దత్తాంశమునకును నడుమ నున్న యెడమును దగ్గించుట యాయన యుద్దేశము. ఆనాఁడు వెబ్బు లేదు. ఒకే యంత్రమున మూఁడు భాగములును మేలుకొని యుండెడివి. మోడలున మార్పు గలిగినతోడనే వ్యూ దాని నెఱిఁగి తన్నుఁదాను దిద్దుకొనెడిది. వెబ్బునందు స్థితి వేఱు. బ్రౌజరొక యూర నుండును, సర్వరొక యూర నుండును. ప్రశ్న వచ్చును, ప్రత్యుత్తరము పోవును, అంతటితో వెనుకటి ప్రసంగమును సర్వరు మఱచును. కావున నీ మూఁటి కలయిక సామాన్యముగాఁ బ్రతిప్రశ్నకును గ్రొత్తగా జరుగవలసినదే. 2004లో వెలువడిన రూబీ ఆన్ రెయిల్సును, 2005లో వెలువడిన జాంగోయును నీ యమరికను వెబ్బునిర్మాతలలో మిక్కిలి వ్యాప్తికిఁ దెచ్చినవి.

ఒక పాఠశాలాపండితుఁడు శాసనసూచికను దెఱచి, వెదకుగడిలోఁ “గలమళ్ల” యని కాక “కలమళ్ల” యనియే సరిగాఁ గొట్టి మీట నొక్కెననుకొనుఁడు. (సంధి చేసి కొట్టినచో యంత్రము దానిని వేఱుపేరుగాఁ దలఁచును, ఇది పండితులు గమనింపఁదగినది.) ఆ ప్రశ్న యొక చిరునామాతో సర్వరును జేరును. తరువాతికథ తాలూకాకచేరి నెఱిఁగినవారికిఁ గ్రొత్త కాదు. అర్జీ రాఁగానే దానిపై వ్రాఁతను జూచి, యది యే గుమాస్తా బల్లకుఁ బోవలయునో యా బల్లకుఁ బంపువాఁ డొకఁడుండును; ఇచ్చట వాని పేరు రౌటరు. గుమాస్తా కంట్రోలరు. అతఁ డర్జీ సరిగా నున్నదా, అడిగినవాని కడుగుటకు హక్కు గలదా యని చూచి, రికార్డుగదివానిని, అనఁగా మోడలును, “ఈ గ్రామపు శాసనముల నిమ్ము” అని కోరును. రికార్డుగదివాఁడు లోని కేఁగి, బీరువాలు తెఱచి, కావలసిన కట్టను దెచ్చి యిచ్చును. గుమాస్తా యా కట్టను నకలువ్రాయువానిచేతఁ బెట్టును. వాఁడు దానిని జక్కఁగా వ్రాసి, శీర్షికలు పెట్టి, చదువరి కందఁజేయు రూపమునకుఁ దెచ్చును. ఇతఁడే వ్యూ. నకలువ్రాయువాఁడు బీరువా తెఱవరాదు. రికార్డుగదివాఁడు కాగితపుటంచుల సొగసును విచారింపరాదు. గుమాస్తా రికార్డును దిద్దరాదు. మర్యాద యింతియే.

మోడలనఁగా డేటాబేసే యని పలువురి భ్రమ. డేటాబేసు బీరువా మాత్రమే; బీరువాలో నేది యెట్లుండవలయునో తెలిసినవాఁడు మోడలు. ఎడ్గర్ కాడ్ 1970లోఁ బ్రతిపాదించిన సంబంధపట్టికల విధానము ననుసరించి దత్తాంశములను బట్టికలుగాఁ గూర్చుట వాడుక. శాసనసూచికకుఁ గనీసము మూఁడు పట్టికలు కావలయును: శాసనములు, గ్రామములు, పాఠములు. ప్రతిశాసనపు వరుసయందును గ్రామముపేరు వ్రాయక, గ్రామపట్టికయందలి యాగ్రామపుసంఖ్యను మాత్రము వ్రాయుదురు. ఈ పొదుపు రాయలసీమచరిత్ర నెఱిఁగినవారికి వెంటనే యర్థమగును. పూర్వపు సంపుటములలోఁ గలమళ్ల కమలాపురము తాలూకాలోనిది. 1985లో మండలములేర్పడిన పిదప నది యెఱ్ఱగుంట్ల మండలములోనిది. ఆంగ్లమునఁ గడపజిల్లా పేరు వ్రాయు విధము 2005లో మాఱినది; 2010లో జిల్లాపేరే మాఱినది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేకజిల్లా కాఁగా, అంతవఱకుఁ గర్నూలుజిల్లాలో నుండిన యహోబిలము, శ్రీశైలము నందుఁ జేరినవి. శ్రీశైలమునందలి ప్రతిశాసనపు వరుసలోను “కర్నూలుజిల్లా” యని వ్రాసియున్నచో నా దినమున నెన్ని వరుసలు దిద్దవలసి వచ్చునో, వానిలో నెన్ని మఱపున నిలిచిపోవునో యూహింపవచ్చును. గ్రామపట్టికలో నొక్కచోట దిద్దినఁ జాలును. అంతకంటె మేలైన మార్గము మఱొకటి కలదు: గ్రామమునకును జిల్లాకును గల సంబంధమును సంవత్సరములతోఁ గూడ వేఱుపట్టికలో నుంచినచోఁ, బాతసంపుటమును జేతఁబట్టుకొని వెదకువానికిని, నేఁటి పటమును జూచి వెదకువానికిని నొకే ఱాయి దొరకును.

పాఠములపట్టిక మఱింత ముఖ్యము. ఒక శాసనమునకుఁ బాఠ మొక్కటియే యుండునని తలఁచి, పాఠమును శాసనపువరుసలోనే యొక గడిగాఁ జేర్చుట తొలుతటి నిర్మాతలకుఁ దోఁచు మార్గము. రెండవపండితుఁడు వేఱుగాఁ జదివిననాఁడు మొదటిపాఠముపై రెండవది వ్రాయఁబడి, మొదటిది నశించును. తాళపత్రప్రతులలో లేఖకులు చేసినదే యంత్రమును జేయును. కాని తాళపత్రమున మఱొక ప్రతి యెక్కడనో మిగిలియుండెడిది. కాఁబట్టి యొక శాసనమునకుఁ బెక్కు పాఠములుండుననియుఁ, బ్రతిపాఠమునకును జదివినవాని పేరు, ప్రకటించిన సంపుటము, సంవత్సరము నుండవలయుననియు మోడలునందే విధింపవలయును. క్రీ.శ. 575 అను కాలనిర్ణయమును నిట్లే: అది శాసనపుగుణముగాఁ గాక, ఒకానొక పండితుని యభిప్రాయముగా వేఱువరుసలో నుండఁదగినది. కలమళ్ల ముందా, ఎఱ్ఱగుడిపాడు ముందా యను వాదమున నేపక్షమువారైనను దమ నిర్ణయమును దమపేరఁ జేర్పవచ్చును. ఱాతి వరుసను ముట్టఁబనిలేదు.

పట్టికలు వేఱైనప్పు డొక చిక్కు గలదు. నూఱు శాసనముల జాబితా నడిగినపుడు, మోడలు మొదట నూఱువరుసలను దెచ్చి, పిదపఁ బ్రతివరుసకు నొక్కొకమాఱు బీరువాకడకుఁ బోయి గ్రామముపేరు తెచ్చునేని, మొత్తము నూటయొక్క ప్రయాణములగును. కంట్రోలరును వ్యూయును జూచిన నిర్దోషముగాఁ గనఁబడును. వ్యూలో గ్రామముపేరు నచ్చువేయు నొక్కపదమే యా ప్రయాణములన్నిటికిని గారణము. పేరు నడిగినతోడనే మోడలు చప్పుడు చేయక బీరువాకుఁ బరువెత్తుచుండును. పదిశాసనములతోఁ బరీక్షించునపు డిది తెలియదు, వేలశాసనములు చేరిననాఁడు సూచిక నత్తనడక నడచును. రెండుపట్టికలను గలిపి యొకేమాఱు తెమ్మని కంట్రోలరు ముందుగాఁ జెప్పుట దీనికి మందు. సంబంధము కుదిర్చినఁ జాలదు, దానిని నడపు తీరును దెలియవలయును.

ఇఁక వ్యూ. ఒకే శాసనము పలురూపములఁ గనఁబడవచ్చును. పొలముగట్టున ఱాతి యెదుట నిలిచి ఫోనులోఁ జూచువానికిఁ జిన్నయక్షరములపుట పనికిరాదు. పరిశోధకునకుఁ బంక్తిసంఖ్యలతోడి యథాతథపాఠము కావలయును. బాలురకు నేఁటివర్ణక్రమము నర్థమును జాలును. ఈ మూఁడును మూఁడు వ్యూలు, మోడ లొక్కటియే. ఇచ్చటనే యపాయ మున్నది. మనము నేఁడు “చోళ” యని వ్రాయుపదము ప్రాచీనశాసనములలో ఴకారముతోఁ గానవచ్చును. ఈ యక్షరమునకు యూనికోడునందలి తెలుఁగువిభాగమున స్థానము 2014లో మాత్రమే లభించినది. ప్రాచీనశాసనములలోని మఱొక రేఫభేదమగు ౚ యక్షరమునకు 2015లో. కొన్ని ఫాంటులలో నివి లేనందున నొక పెట్టె మాత్రము కనఁబడును. అది వ్యూయొక్క లోపము. దానికి వెఱచి మోడలులోనే ఴకారమును ళకారముగా మార్చినవాఁడు ఱాతిని జెక్కినవాని యుచ్చారణకు సాక్ష్యమును జెఱిపినవాఁడగును. మంచి ఫాంటు వచ్చిననాఁడు పెట్టె పోవును, చెఱిపినయక్షరము రాదు. బాలురకొఱకు ళకారమే కావలసినచో నా మార్పును వ్యూలోఁ జేయవలయును. వెదకుటకొఱకుఁ గావలసినచో సరళరూపమును మోడలునందు వేఱొక గడిలో నుంపవచ్చును. యూనికోడు వ్యాపించుటకుఁ బూర్వము తెలుఁగుపుట లనేకము లొక్కొక ఫాంటునకుఁ దగిన సొంతసంకేతములతో వ్రాయఁబడినవి. ఆ ఫాంటు లేనిచో నవి యర్థము లేని గీతలు. దర్శనమును దత్తాంశమును నొకటిగాఁ గలిపినందున నేమగునో తెలుఁగువారికి వేఱే చెప్పఁబనిలేదు.

వ్యూనుగూర్చి మఱొకమాట. శిథిలాక్షరములను దాము పూరించినపుడు పండితులు వివిధకుండలీకరణములను వాడుదురు. వానిలోఁ గోణాకృతి గలవియుఁ గలవు. ఆ గుర్తులే హెచ్.టీ.ఎమ్.ఎల్. అను పుటల భాషలో నాజ్ఞలకు సంకేతములు. రోమనులిపిలో “ర” యను నక్షరమును గోణములనడుమఁ బూరించి వ్రాసినచో, వ్యూ దానిని నిరపాయరూపమునకు మార్పక పంపునేని, బ్రౌజరు దాని నక్షరముగాఁ గాక యాజ్ఞగాఁ దలఁచి చూపకయే విడుచును. పండితుఁడు పూరించినది పుటపై శూన్యమగును, చదువరికి లోపమున్నట్లే తెలియదు. ఇదే సందుగుండ దుర్మార్గుఁడు హానికరమైన యాజ్ఞలను జొప్పింపవచ్చును. మోడలునం దున్నదున్నట్లుంచి, చూపునప్పుడే వ్యూ యీ గుర్తులకు రక్ష కట్టుట విధి. మోడలువైపున నిట్టిదే మఱొకరక్ష: చదువరి కొట్టినమాటను డేటాబేసునకుఁ బంపు నాజ్ఞావాక్యములో నేరుగా నతుకక, దాని స్థానమున గుర్తు నుంచి మాటను వేఱుగా నందింపవలయును.

కంట్రోలరు పని తక్కువగా నున్నంతవఱకే మంచిది. క్రొత్తపాఠమును జేర్చు ఫారమును బరిశోధకుఁడు నింపి పంపినపుడు కంట్రోలరు దానిని గైకొని, పంపినవాఁ డెవ్వఁడో నిశ్చయించి, మోడలున కప్పగించును. “చదివినవాని పేరు లేని పాఠము చెల్లదు” అను నియమమును గంట్రోలరులో వ్రాయుట పలువురు చేయు పని. ఆ నియమ మాద్వారమునఁ బోవువారికే తగులును. రేపొకఁడు వేయిపాఠములను ఫైలుగాఁ దెచ్చి ఫారముతోఁ బని లేకయే లోనఁ జేర్చునపుడు, ఆ ద్వారమున నెవఁడును రాఁడు, నియమము నిద్రించును. మోడలులో వ్రాసినచో నేద్వారమున వచ్చినను దప్పదు. డేటాబేసు పట్టికయందుఁ గూడ నా గడి ఖాళీగా నుండరాదని శాసించుట యంతకంటె భద్రము.

పాఠమును జేర్చుటలో రెండుపనులున్నవి: క్రొత్తవరుసను వ్రాయుట, శాసనమునకుఁ బ్రస్తుతము గ్రాహ్యమగుపాఠ మిదియని గుర్తు మార్చుట. నడుమ విద్యుత్తు పోయినచో గుర్తు లేనిపాఠమో, పాఠము లేనిగుర్తో మిగులును. కావున రెండింటిని నొకకట్టగాఁ గట్టి, జరిగిన రెండును జరుగునట్లు, లేకున్న నేదియు జరుగనట్లు డేటాబేసు నాజ్ఞాపింతురు. అంతయు నెఱవేఱిన పిమ్మటఁ గంట్రోలరు పుటను దానే యియ్యక, “ఈ చిరునామాకుఁ బొమ్ము” అని బ్రౌజరును మరలించును. లేనిచోఁ బరిశోధకుఁడు పుటను మఱలఁ దెప్పించుకొన్నపుడెల్ల నదేపాఠము రెండవమాఱు, మూఁడవమాఱుఁ జేరుచుండును. మోడలు పాఠమును నిరాకరించినచో మాత్ర మదే ఫారము, నింపినమాటలతోను దప్పునుగూర్చిన సూచనతోను దిరిగి చూపఁబడవలయును. గంటసేపు కష్టపడి కొట్టిన పాఠము మాయమైనచో నా పండితుఁడు మఱల నా సూచిక మొగము చూడఁడు.

సంజ్ఞలవిషయమున నొక హెచ్చరిక కావలయును. జాంగోయం దితరులు కంట్రోలరనునది వ్యూ యని పిలువఁబడును. ఇతరులు వ్యూ యనుదానిని టెంప్లేటందురు. రూబీ ఆన్ రెయిల్సు గ్రంథమునుఁ జదివి జాంగోలోనికిఁ బోయినవాఁడు మొదటివారము తికమకపడుట సహజము. పేళ్లు మాఱినను బని మాఱదు: ఫారమును గైకొనునది యొకటి, ఱాతిపాఠమును గాపాడునది యొకటి, చదువరికిఁ జూపునది యొకటి. జాంగోలో శాసనసూచికను గట్టువాఁడు ఴకారమును ళకారముగాఁ జూపు పనిని టెంప్లేటులో నుంపవలయును. రూబీవాఁ డదే పనిని వ్యూలో నుంచును.