నేపథ్య పటం: దానిపై ఎంతవరకు ఆధారపడవచ్చు?

జి.ఐ.ఎస్. సాఫ్ట్‌వేర్‌లో మీరు గీసే పొరల అడుగున, స్థలాన్ని గుర్తుపట్టడానికి పరిచే పటాన్ని నేపథ్య పటం లేదా బేస్‌మ్యాప్ అంటారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వీధుల పటం, ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్‌లోని ఉపగ్రహ చిత్రాలు ఇందుకు ఉదాహరణలు.

నేపథ్య పటం ఒకే పెద్ద బొమ్మ కాదు. సాధారణంగా సున్నా జూమ్ స్థాయిలో ప్రపంచమంతా 256 × 256 పిక్సెళ్ల ఒక్క పలకలో ఇముడుతుంది. ఒక్కో స్థాయి పెరిగినప్పుడల్లా ప్రతి పలక స్థానంలో నాలుగు పలకలు వస్తాయి. మీ తెరకు కావలసినవి మాత్రమే సర్వర్ నుంచి దిగుతాయి. ఇవి కేవలం బొమ్మలు. వాటిలోని చెరువు విస్తీర్ణం తెలియాలంటే, దాని హద్దు వెంట మీరు వేరే పొర గీయాలి. అలా గీసేటప్పుడు రెండు విషయాలు పరిశీలించండి.

1. చిత్రం తేదీ: కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరాన్ని సముద్రం కోస్తోంది. ఉపగ్రహ నేపథ్య పటంలో వేర్వేరు తేదీల చిత్రాలు అతికి ఉంటాయి. జూమ్ స్థాయి మారితే తేదీ కూడా మారవచ్చు. తీరరేఖను కొంత ఒక స్థాయిలో, కొంత మరొక స్థాయిలో గీస్తే రెండు కాలాల తీరం ఒకే గీతలో కలిసిపోతుంది. ఆ గీతను నమ్మి ముప్పున్న ఇళ్ల జాబితా తయారుచేస్తే, తరలించవలసిన కుటుంబం అందులోకి రాకపోవచ్చు.

2. ప్రక్షేపం: ఈ పలకలు ఎక్కువగా వెబ్ మెర్కేటర్ ప్రక్షేపంలో ఉంటాయి. భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఇది భూమిని సాగదీసి చూపుతుంది. కాకినాడ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అక్కడ చదును తలంపై లెక్కిస్తే పొడవు సుమారు 5 శాతం, విస్తీర్ణం సుమారు 10 శాతం ఎక్కువ వస్తుంది. అంటే 100 ఎకరాల రొయ్యల చెరువులు సుమారు 110 ఎకరాలవుతాయి. కనుక లెక్కించే ముందు మీ పొరను యూటీఎం 44వ ఉత్తర మండలంలోకి మార్చుకోండి. అప్పుడు ఆ తేడా నామమాత్రమవుతుంది.

నేపథ్య పటం దారి చూపుతుంది. కొలతకు, తేదీకి పూచీ మాత్రం మీదే.

అభ్యాసం: తేదీ తెలిసిన రెండు ఉపగ్రహ చిత్రాలపై ఉప్పాడ తీరరేఖను ఒకే జూమ్ స్థాయిలో, రెండు వేర్వేరు పొరలుగా గీయండి. ప్రతి పొర పేరులో చిత్రం తేదీని, మూలాన్ని చేర్చండి. రెండు రేఖల మధ్య దూరాన్ని మూడు చోట్ల కొలిచి పట్టికగా రాయండి.