అక్షరం ఒకటే, గడులు మూడు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారు మొదట్లో రాసే ఆటల్లో పదాన్ని కనిపెట్టే ఆట ఒకటి. కంప్యూటర్ ఒక పదం దాచుకుని ఖాళీ గడులు చూపిస్తుంది. ఆడేవారు ఒక్కో అక్షరం చెబుతూ వాటిని నింపాలి. దాచిన పదం 'బనానా' అనుకుందాం. ఇంగ్లీషు స్పెల్లింగులో 'ఏ' మూడుసార్లు వస్తుంది. ఆ అక్షరం చెప్పగానే మూడు గడులూ నిండాలి. కొత్తవారి ప్రోగ్రాంలో తరచూ మొదటిదే నిండుతుంది. మళ్లీ 'ఏ' అన్నా మళ్లీ అదే గడి. ఇక గెలుపన్నది ఉండదు.

పైథాన్ భాషలో 'ఫైండ్' అనే ఆదేశం అక్షరం మొదట కనబడిన చోటు చెప్పి ఆగిపోతుంది. దాని తప్పేమీ లేదు. 'ఎక్కడ ఉంది' అని అడిగారు, అది చెప్పింది. అడగాల్సింది 'ఎక్కడెక్కడ ఉంది' అని. అందుకు లూప్ పెట్టి ప్రతి గడినీ పోల్చి చూస్తే చాలు.

2021లో జోష్ వార్డిల్ అందరి ముందుకు తెచ్చిన 'వర్డల్' ఆటలో చిక్కు ఇంకాస్త లోతైనది. సరైన చోట ఉన్న అక్షరానికి ఆకుపచ్చ, పదంలో ఉన్నా చోటు తప్పితే పసుపు, లేకపోతే బూడిద రంగు. దాచిన పదం 'క్రేన్': సి, ఆర్, ఏ, ఎన్, ఇ. ఊహించినది 'ఈరీ': ఇ, ఇ, ఆర్, ఐ, ఇ. 'ఈ అక్షరం పదంలో ఉందా?' అని మాత్రమే చూసే ప్రోగ్రాం మొదటి రెండు 'ఇ'లకూ పసుపు వేసి, చివరిదానికి ఆకుపచ్చ వేస్తుంది. పదంలో మూడు 'ఇ'లు ఉన్నాయని ఆడేవారు నమ్ముతారు. ఉన్నది ఒక్కటే! విడిగా చూస్తే ఏ జవాబూ అబద్ధం కాదు, కలిపి చూస్తే మోసం.

అక్షరాల లెక్క రాసుకుని, రంగు వేసినప్పుడల్లా ఒకటి తగ్గించాలి. అదీ ఎడమ నుంచి మొదలుపెడితే, ఉన్న ఒక్క 'ఇ' మొదటి గడికే ఖర్చయిపోతుంది. అందుకే పదాన్ని రెండుసార్లు చూడాలి: ముందు ఆకుపచ్చలు, తర్వాత మిగిలిన లెక్కలోంచి పసుపులు. రైల్లో రిజర్వేషన్ ఉన్నవారు కూర్చున్నాకే మిగిలిన సీట్లు వెయిటింగ్ లిస్టుకు ఇచ్చినట్టు. అప్పుడు మొదటి రెండు 'ఇ'లూ బూడిద రంగులోనే ఉంటాయి.

ఇదే ఆట తెలుగులో రాస్తే అసలు అక్షరమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. 'అమ్మ' మనకు రెండక్షరాలు. యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మ. పైథాన్‌ను పొడవు అడిగితే నాలుగే అంటుంది. మనం ఒక్క 'మ్మ' చూసే చోట దానికి 'మ' రెండుసార్లు కనిపిస్తుంది. 'మామ'లోనూ అంతే, మనకు మాత్రం 'మా' వేరు, 'మ' వేరు. ఒత్తుతో కలిసిన తెలుగు అక్షరాన్ని ఒకే ముక్కగా ఉంచే నియమం 2023లో వెలువడిన యూనికోడ్ 15.1లో చేరింది. అంతకుముందు నియమాలతో నడిచే సాఫ్ట్‌వేర్ 'అమ్మ'ను ఇప్పటికీ మూడు ముక్కలు చేసి, మూడు గడులు గీస్తుంది.