పాత ఛాయాచిత్రాల పరిరక్షణ – శిక్షణ ఆవశ్యకత

పాత ఫోటోను శుభ్రం చేయటానికి చదువు కావాలా, తడిగుడ్డ చాలదా అన్న సందేహం చాలామందికి ఉంది. ఒకప్పుడు నాకూ ఉండేది. అందుకు చెల్లించిన మూల్యం ముందుగా చెప్పటం న్యాయం.

మా ఊరి గ్రంథాలయం గోడకు ఒక రైతు మహాసభ గ్రూపు ఫోటో ఉండేది. వానాకాలంలో గోడ చెమ్మకు అద్దం లోపలివైపు మసకబారింది. తుడుద్దామని చట్రం విప్పి, ఫోటోను అద్దం నుంచి లాగాను. కాగితం ఊడి వచ్చింది గాని, ముందువరుసలో కూర్చున్న నలుగురి ముఖాలు అద్దానికే అతుక్కుపోయాయి. వాళ్ళలో ఇద్దరి బొమ్మ మరెక్కడా లేదు. ఏం జరిగిందో ఆ తర్వాత చాలాకాలానికి గాని నాకు అర్థం కాలేదు.

ఫోటో అంటే కాగితం మీద అచ్చయిన బొమ్మ కాదు. మామూలు నలుపు తెలుపు ఫోటోలో అడుగున కాగితం, దానిపైన తెల్లని బెరైటా పూత, ఆపైన పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసిన జెలటిన్ పొర ఉంటాయి. ఆ జెలటిన్‌లో ఇమిడి ఉన్న సూక్ష్మమైన వెండి రేణువులే మనకు బొమ్మగా కనిపిస్తాయి. గాలిలో తేమ పెరిగితే జెలటిన్ ఉబ్బి జిగురవుతుంది. అద్దానికి ఆనుకుని ఉంటే అతుక్కుంటుంది. శిక్షణ పొందినవాడు అటువంటి ఫోటోను లాగడు. అద్దంతో సహా దానికి నకలు తీసి, అద్దంతో సహా భద్రపరుస్తాడు. చేయకూడనిది తెలియటమే ఈ విద్యలో మొదటి పాఠం.

రెండవ పాఠం గుర్తించటం. 1850లో బ్లాంకార్ ఎవ్రార్ ప్రవేశపెట్టిన ఆల్బుమెన్ కాగితం మీద ఉండేది కోడిగుడ్డు తెల్లసొన. దాన్ని భూతద్దం కింద పెడితే పొర అడుగున కాగితపు నారలు కనిపిస్తాయి. జెలటిన్ ఫోటోలో బెరైటా పూత ఆ నారలను కప్పేస్తుంది. ఈ తేడా తెలియకుండా వైద్యం లేదు. ఆల్బుమెన్ పసుపు పచ్చబడి, సన్నని పగుళ్లు తీస్తుంది. గాజు పలక మీది పొర అంచుల వద్ద లేస్తుంది. నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకుంటుంది. 2003లో పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారానికి చెందిన నైట్రేట్ ఫిల్ములు అగ్నికి ఆహుతి కావటం మనకు తెలిసిందే. నైట్రేట్‌కు బదులుగా వచ్చిన ఎసిటేట్ ఫిల్ము అంత సులభంగా అంటుకోదు గాని, వేడికి, తేమకు కుళ్ళి పులిసిన వెనిగర్ వాసన కొడుతుంది. 1948లో కోడక్ సంస్థ ట్రై ఎసిటేట్ ఫిల్మును ప్రవేశపెట్టిన పదేళ్ళలోపే ఈ రోగం గురించి దానికి ఫిర్యాదు అందింది. ఆ తొలి ఫిర్యాదు చేసింది భారత ప్రభుత్వమే. అంటే చల్లని దేశాల్లో తయారైన వస్తువుకు తొలి పరీక్ష మన ఎండలో, మన ఉక్కలో జరిగిందన్నమాట. రోగం మన దగ్గర ముందు బయటపడినా, వైద్యవిద్య మాత్రం మరోచోట పెరిగింది.

ఆ విద్యను ఎలా నేర్పుతారో చూద్దాం. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం, వింటర్‌థర్ మ్యూజియం కలిసి నడిపే పరిరక్షణ కోర్సు మూడేళ్ళది. అందులో ఛాయాచిత్రం ఒక ప్రత్యేక విభాగం. చేరదలచినవాళ్ళకు రసాయన శాస్త్రం, కళాచరిత్ర, చేతిపని మూడూ వచ్చి ఉండాలి. రాచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియంలో 1999 నుంచి 2009 దాకా మెలన్ ఫౌండేషన్ సాయంతో ఉన్నత శిక్షణ సాగింది. అక్కడ అభ్యాసకులు పాత పద్ధతుల్లో తామే ఫోటోలు తయారు చేసి చూశారు. గుడ్డు సొన గిలకొట్టి కాగితానికి పట్టించినవాడికే ఆ కాగితం ఎందుకు చుట్టుకుపోతుందో తెలుస్తుంది. శ్రమ తెలియనివాడికి వస్తువు స్వభావం బోధపడదు. మేధోశ్రమనూ చేతిపనినీ వేరుచేసి చూడటానికి అలవాటుపడ్డ మన చదువులు నేర్చుకోవలసిన విషయం ఇది.

మూడవ పాఠం నిజాయితీకి సంబంధించింది. శిథిలమైన తాళపత్రాన్ని పరిష్కరించేటప్పుడు అక్షరాలు పోయినచోట చుక్కలు పెడతాం గాని సొంత పదం ఇరికించం. ఇరికిస్తే అది పరిష్కరణ కాదు, ప్రక్షిప్తం. ఫోటోకూ ఇదే సూత్రం. చేసిన ప్రతి పనినీ రాసి ఉంచాలి. వీలైనంతవరకు తిరిగి తీసివేయగలిగినదే చేయాలి. పోయిన కన్నును ఊహించి గీయటం చరిత్రకు కన్ను పెట్టడం కాదు, చరిత్రను కప్పిపెట్టడం. కంప్యూటర్‌లో క్షణంలో ముఖాలు పూరించే ఈ రోజుల్లో ఈ హెచ్చరిక మరింత అవసరం. కంప్యూటర్‌లోని నకలు ఉపయోగకరమే. కాని అది నకలే. అసలుకు బదులు కాదు.

ఇక అసలు ప్రశ్న. ఎవరి ఫోటోలు మిగిలాయి? ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ గాజు నెగెటివులు 2,800కు పైగా నేడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఉండవలసిందే. 1876–78 నాటి ధాత కరువులో ఎముకల గూళ్ళయిన ప్రజలను సైనికాధికారి హూపర్ వరుసగా కూర్చోబెట్టి తీసిన ఫోటోలూ మిగిలాయి. అందులో మనుషులున్నారు గాని పేర్లు లేవు. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలను మాడ్చిన ఆ కరువుకు సాక్ష్యం ఏలినవాడి కంటితోనే మనకు దక్కింది. ప్రజలు తమకోసం తాము తీయించుకున్న సభల, సమ్మెల, బడుల, నాటక సమాజాల ఫోటోలు మాత్రం సంఘ కార్యాలయాల గోడల మీద చెమ్మకు కరుగుతున్నాయి. చిన్న స్టూడియోలు మూతపడితే నెగెటివులు పాతసామాను కింద పోతున్నాయి. ఆస్థానానికి చల్లని గది, ప్రజలకు చెమ్మగోడ! ఈ వ్యత్యాసం యాదృచ్ఛికం కాదు.

శిక్షణ అంటే లక్షల ఖర్చు అని నిరాశపడనక్కరలేదు. మధ్యప్రాచ్య దేశాల సంగ్రహాల సిబ్బందికి 2011 నుంచి బీరూట్‌లోని అరబ్ ఇమేజ్ ఫౌండేషన్, మరికొన్ని సంస్థలు కలిసి శిబిరాలు నడిపి, పనిచేస్తున్నవాళ్ళకే ఈ విద్య అందించాయి. మన దేశంలో లక్నోలో 1976లో ఏర్పడిన సాంస్కృతిక సంపద పరిరక్షణ జాతీయ పరిశోధనశాల శిక్షణ ఇస్తూ వచ్చింది. అక్కడి విద్య జిల్లా గ్రంథాలయం దాకా దిగిరావాలి. గ్రంథాలయోద్యమాన్ని నడిపిన జాతికి ఇది అసాధ్యం కాదు. మన సంఘాలు అడగవలసిన కోర్కెల్లో ఇదొకటి.

అంతదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోటోలను లామినేట్ చేయవద్దు. సెల్లోటేపు అంటించవద్దు. ప్లాస్టిక్ ఆల్బముల్లో బిగించవద్దు. బయటిగోడ నుంచి తప్పించి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో, పొడిగా, చీకటిగా ఉన్నచోట ఉంచండి. గాజు పలకలను పొడవు అంచు మీద నిలబెట్టండి. అన్నిటికన్నా ముందు, ఫోటోలోని వారిని గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే అడిగి, వాళ్ళ పేర్లు కవరు మీద పెన్సిలుతో రాసి, ఆ తర్వాతే ఫోటోను అందులో పెట్టండి. మా ఊరి ఫోటోలో ముఖాలు పోయిన ఆ నలుగురి పేర్లూ నేను అలాగే తెలుసుకుని రాసిపెట్టాను.